మొరాయించే టెలిస్కోపు

"అమ్మాయ్, ఇది మళ్ళీ మొరాయించింది!"

డాబా మీద నుంచి మామగారి కేక మెట్లు దిగిందో లేదో, కోడలు టూల్ బాక్సుతో సహా పైకి వచ్చేసింది. మెడలో ఆఫీసు హెడ్‌ఫోన్స్ ఇంకా వేలాడుతూనే ఉన్నాయి.

"ఇవాళ ఏమైంది మామయ్యా?"

"ఏమో! చుక్కని ఫోటో తియ్యమంటే గీత తీస్తోంది."

కంప్యూటర్ తెర మీద నిజంగానే నక్షత్రాలన్నీ బియ్యపు గింజల్లా సాగి ఉన్నాయి. ఆకాశంలో చుక్కలు కదిలేకొద్దీ టెలిస్కోపు కూడా వాటి వెంట మెల్లగా తిరగాలి. తిప్పే మోటారు స్టాండులో ఉంది. ఆ స్టాండు ధ్రువ నక్షత్రానికి సరిగ్గా గురిపెట్టి లేకపోతే బొమ్మ అలుక్కుపోతుంది. కోడలు కూర్చుని అటూ ఇటూ కదిపి చూసింది.

"స్టాండు కాలు వదులైంది, అంతే."

"అబ్బో! నాకు తట్టనే లేదు సుమా" అన్నాడు మామగారు.

తట్టకపోవడమేమిటి! ఆ కాలి స్క్రూ వదులు చేసింది ఆయనే.

ఈ మామగారు ఆషామాషీ మనిషి కాదు. సర్వేయరుగా ఉద్యోగమంతా ముక్కాలి స్టాండు భుజాన మోసి, గుట్టల మీదా బురదలోనూ దాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా నిలబెట్టినవాడు. రిటైరయ్యాక ముచ్చటపడి టెలిస్కోపూ, దానికో కెమెరా కొనుక్కున్నాడు. కళ్ళకి గంతలు కట్టినా బిగించగలడు. కానీ కొన్న కొత్తలోనే ఒక సంగతి కనిపెట్టాడు. ఫోటో బాగా వస్తే కోడలు "బాగుంది మామయ్యా" అని వెళ్ళిపోతుంది. ఏదైనా పాడైతే మాత్రం భోజనాల వేళ దాకా పక్కనే కూర్చుంటుంది.

కూర్చుంటే ఊరికే ఉంటుందా? వాళ్ళ మేనేజరు మీటింగులో ఎలా తుమ్ముతాడో చేసి చూపిస్తుంది. చిన్నప్పుడు గోడ దూకి ముందు పళ్ళు రాలగొట్టుకున్న కథ చెబుతుంది. దున్నపోతు తరిమితే కొలిచే గొలుసు అక్కడే పారేసి చెట్టెక్కిన కథ ఆయన చెబుతాడు. పెళ్లయి వచ్చిన కొత్తలో ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ "కాఫీ పెట్టనా?", "ఆ, పెట్టమ్మా", అంతే. పగలంతా ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆమె కంప్యూటర్ ముందు, ఆయన పేపర్ ముందు. ఇప్పుడేమో ఆయన పొద్దున లేస్తూనే సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూస్తున్నాడు.

అందుకని రోజుకో రోగం. ఒకరోజు ఫోకస్ కుదరదు. ఒకరోజు గొట్టం ఒకపక్కకి వాలిపోతుంది. లెన్సుకి మంచు పట్టిన రోజైతే ఇద్దరూ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, చంటిపిల్ల తల ఆరబెట్టినట్టు దానికి ఆరబెట్టారు. ఒకసారి ఆయన ముట్టుకోని కేబుల్ కూడా ఊడి ఉంది. చేసి మర్చిపోయుంటాననుకున్నాడు. అబద్ధాలాడేవాడికి ఉండాల్సిన జ్ఞాపకశక్తి తనకి లేదని తనని తానే తిట్టుకున్నాడు.

అంతా సాఫీగా సాగుతుండగా కొడుకు అడ్డం పడ్డాడు. బ్యాంకు ఆఫీసరు. పని ఏదైనా పెండింగులో ఉంటే నిద్రపట్టని మనిషి.

"నాన్నా, మెకానిక్‌తో మాట్లాడాను. రేపు వస్తాడు. పాపం, రోజంతా పనిచేసి సాయంత్రాలు కూడా తను మీ దగ్గర స్క్రూలు తిప్పడమేంటి?"

మామగారు గబగబా లెక్క వేసుకున్నాడు. మెకానిక్ వస్తే ఏం తేలుతుంది? టెలిస్కోపుకి ఏ జబ్బూ లేదని తేలుతుంది. ఇన్నాళ్ళూ తనని వెర్రిదాన్ని చేసి ఆడించాడని తెలిశాక ఆ పిల్ల మొహం ఎలా చూడటం? సాయంత్రాలు పోతాయంటే దిగులుగానే ఉంది. కానీ ముందు పరువు దక్కాలి.

"మెకానిక్ ఎందుకురా! ఇవాళ ఇది బాగుపడి తీరుతుంది. నువ్వే వచ్చి చూడు."

చీకటి పడగానే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేశాడు. లెవెల్ చూసుకున్నాడు. ధ్రువ నక్షత్రానికి గురి కుదిర్చాడు. ఒక్కో స్క్రూ బిగించాడు. కొడుకుని పిలుచుకు రావడానికి కిందికి వెళ్ళాడు. ఇద్దరూ వచ్చేసరికి కోడలు అప్పటికే డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తోంది. ముగ్గురూ తెర ముందు చేరారు. ఆయన బటన్ నొక్కాడు.

మళ్ళీ బియ్యపు గింజలే.

మామగారికి చెమటలు పట్టాయి. ఈసారి ఒట్టు, ఆయనేం చెయ్యలేదు! టార్చి వేసి వెతికితే, మోటారుని పట్టి ఉంచే స్క్రూ ఉండాల్సిన చోట ఖాళీ కన్నం కనిపించింది. ఇందాకే కదా బిగించాను అనుకున్నాడు.

"చూశారా? మెకానిక్ రావాల్సిందే" అన్నాడు కొడుకు.

కోడలు వంగి కన్నంలోకి చూసి పెదవి విరిచింది. "మెకానిక్ వల్ల కాదండీ. ఈ సైజు స్క్రూ బయట దొరకదు. నేనే ఒక్కొక్కటీ తెచ్చి పెట్టి చూడాలి."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఏమో, చలికాలం గడిచిపోవచ్చు."

"అయితే మీరూ మీరూ పడండి" అని, మెకానిక్‌కి రావద్దని చెప్పడానికి ఫోన్ తీస్తూ కొడుకు మెట్లు దిగాడు.

చెప్పుల చప్పుడు పూర్తిగా ఆగిపోయాక, కోడలు గుప్పిట విప్పి ఆ స్క్రూని మామగారి అరచేతిలో పెట్టి, "రేపటి వంతు మీది, మామయ్యా" అంది.