గోడ దాటిన వైరు

ఆ వెల్డరు ప్రతి ఆదివారం డాబా ఎక్కి సోలార్ ప్యానెళ్లు కడిగేవాడు. మోటారు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ అన్నీ ఎండ ఉండగానే కానివ్వాలని భార్యకు ఆజ్ఞ. అయినా వారం రోజులుగా సాయంత్రానికి బ్యాటరీ సగం కూడా నిండడం లేదు.

ఆ రోజు మధ్యాహ్నమే ఇంటికొచ్చి, ఒక్కో వైరూ పట్టుకుని వెతికాడు. పెరటి సాకెట్ నుంచి ఒక వైరు గోడ దాటి తమ్ముడి ఇంట్లోకి పోతోంది. తమ్ముడితో మాటలు ఆగిపోయి రెండేళ్లు.

ఒళ్లు మండిపోయింది. "ఎండలో మాడుతూ నేను తోముతుంటే, వాడు చల్లగా ఏసీ వేసుకుంటాడా? సిగ్గులేదూ!" అని అరుస్తూ ప్లగ్గు పీకేశాడు.

భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అయ్యో, పెట్టేయండి! ఏసీ కాదండీ, అక్కడ అత్తయ్యకు ఊపిరి అందించే మిషన్ అది. వాళ్లకు పగలంతా కరెంటు ఉండట్లేదు."

"మా అమ్మకా? నాకెందుకు చెప్పలేదు?" గొంతు చించుకున్నాడు.

"అత్తయ్యే వద్దన్నారు. తెలిస్తే మీరు పీకేస్తారన్నారు."

చేతిలోని ప్లగ్గు వైపు చూశాడు. మూడుసార్లు తప్పి, నాలుగోసారికి సాకెట్‌లో పెట్టగలిగాడు. గోడ అవతల దగ్గు సద్దుమణిగేదాకా అక్కడే నిలబడి, చెప్పులైనా వేసుకోకుండా తమ్ముడి గుమ్మం వైపు నడిచాడు.