మూడు చుక్కల గిన్నె

1918 అక్టోబరు 15, మంగళవారం పొద్దున పది గంటలకు పుదుచ్చేరిలో ఇద్దరు సిపాయిలు ఒక ఆడమనిషిని తాడుతో కట్టి తెచ్చి, ఆసుపత్రి వెనక పిచ్చివాళ్ల గదిలో అప్పగించారు.

గది కాపలాదారు చెంగల్రాయన్ అప్పుడే తలపాగా చుట్టుకుంటున్నాడు. వారం రోజులు బతిమాలితే ఆ పూటకి సెలవిచ్చారు. ముదలియార్‌పేటలో అతని అక్క లీలమ్మ విషజ్వరంతో పడి తొమ్మిది రోజులైంది. ఒంటరి మనిషి.

"తలపాగా తీసెయ్. దీన్ని వదిలి కదలకూడదంట, దొర చెప్పినాడు" అన్నాడు పెద్ద సిపాయి.

"ఏం చేసింది?"

"గడపలకి కట్టిన వేపాకు పీకి పారేస్తా ఉంది. ఒకటి కాదు, ఏడిళ్లకి. వీధోళ్లు కొట్టి పట్టిచ్చినారు."

చెంగల్రాయన్ లెంపలు వేసుకున్నాడు.

వేపాకు కట్టారంటే ఇంట్లో అమ్మవారు ఉన్నట్టు. ఆమె దిగేదాకా బయటివాళ్లు గడప తొక్కరు. మశూచికి ఉన్న కట్టుబాటునే ఈ కొత్త జ్వరానికీ పెట్టుకున్నారు.

దొర డాక్టరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"తలుపులు తియ్యండి! నీళ్లు పొయ్యండి!" అని అరిచింది ఆమె.

డాక్టరు గొలుసు వెయ్యమని చెప్పి వెళ్లాడు. ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూడలేదు.

చెంగల్రాయన్ గొలుసు బిగించాడు. ఆమె చేతిలోని ఇత్తడి గిన్నె లాక్కున్నాడు. గిన్నెకి మూత లేదు. అంచున గుర్తుకి కొట్టించుకున్న మూడు చుక్కలు ఉన్నాయి.

"పేరేందే?"

"కనగం. అన్నా, నన్ను వదులన్నా. ఏడిళ్లలో మనుషులుండారు. కంజి పొయ్యాల. సాయంత్రానికి నేనే వస్తా, అప్పుడు కట్టేసుకో."

"మా అక్క జ్వరంతో పడుండాది. నీ వల్లే పోలేకపోతిని. నోరు ముయ్."

"మీ అక్క యాడుండాది?"

"నీకెందుకే? ఆమెకి కంజి పోసేవాళ్లుండారు."

అది నిజం. అక్క వీధి నుంచి మిల్లుకి పోయే అయ్యాసామి రోజూ ఆసుపత్రి గేటు దగ్గర ఆగి చెప్పేవాడు, ఎవరో ఆడమనిషి గంజి పోస్తోందని, లీలమ్మ కళ్లు తెరిచిందని. పక్కింటి చెంగమ్మే అయి ఉంటుందని చెంగల్రాయన్ అనుకున్నాడు.

"మూత యాడ పారేసినావు?"

"ఒకింట్లో పెట్టొచ్చినా. సాయంత్రానికని ముంతలో కంజి ఉంచినా. ఈగలు ముసురుతాయని."

"మూత లేని గిన్నె, మతి లేని మనిషి. జత కుదిరింది."

బుధవారం ఆమె పొద్దుటినుంచీ గొలుసు లాగింది. ఏడు వేళ్లు చూపించింది. మధ్యాహ్నానికి ఒళ్లు కాలిపోయింది. డాక్టరు రాలేదు. అయ్యాసామీ రాలేదు. అక్క కబురు లేక చెంగల్రాయన్‌కి పిచ్చికోపం వచ్చింది. అరుపులు వినలేక ఆమె నోటికి గుడ్డ కట్టాడు.

గురువారం పొద్దున ఏడు గంటలకి గుడ్డ విప్పాడు. చనిపోయి ఉంది.

"పీడ పోయింది" అన్నాడు. సెలవు దొరికింది.

తొమ్మిదింటికి ముదలియార్‌పేట చేరాడు. అక్క తలుపు మూసి ఉంది. గడపకి పచ్చి వేపాకు కట్టి ఉంది. చెంగమ్మ తన అరుగు మీద నిలబడి ఉంది.

"వదినా, అక్కకెట్టుండాది?"

"ఇప్పుడా వచ్చేది? నిన్న సందేళ దాకా ఇత్తడి ఏందో నేలకేసి టంగుటంగుమని కొడతానే ఉన్నింది. ఆ తర్వాత సడి లేదు."

"లోపలికి పోయి చూడలా?"

"వీధోళ్లు వేపాకు కట్టిన ఇంట్లోకి నేనెట్ట పోదును?"

"నువ్వే గదా కంజి పోస్తా ఉన్నింది!"

"నేనా? నాకు బిడ్డలుండారు నాయనా."

"థూ! మీరు మనుషులా?"

చెంగల్రాయన్ వేపాకు పీకి వీధిలోకి విసిరాడు. తలుపు తన్నాడు.

లీలమ్మ చాప మీద నుంచి గుమ్మం వైపు రెండు మూరలు పాకి ఆగిపోయింది. ఒళ్లు చల్లబడి ఉంది. చాప పక్కన ముంత ఖాళీగా ఉంది.

ఆమె కుడిచేతిలో సొట్టపోయిన ఇత్తడి మూత ఉంది. దాని అంచున మూడు చుక్కలు ఉన్నాయి.