ఏడో నంబరుపై కన్ను

"అత్తయ్యా, శనివారం మీరు నాతో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వస్తున్నారు," అన్నాడు చక్రధర్.

శేషమ్మ వంటింట్లో కూతురికి పథ్యం కారప్పొడి కలుపుతోంది. అల్లుడు తనతో మాట్లాడి వారమైంది. ఆమె చెయ్యి ఆగిపోయింది.

కూతురు నమ్రత కాన్పుకని ఆమె నరసరావుపేట నుంచి అమెరికాలోని ప్లేనో వచ్చింది. ఆమెకో అలవాటుంది. కంటికి నచ్చినదాన్ని మెచ్చుకోకుండా ఉండలేదు. పెరట్లో కరివేపాకు మొక్కని చూసి "ఎంత ఏపుగా ఉందో!" అంది. అది ఎండిపోయింది. టెక్సాస్ ఎండకి ఏ మొక్కయినా ఎండుతుంది. చక్రధర్ మాత్రం ఎండని వదిలేసి అత్తగారిని పట్టుకున్నాడు.

పోయిన శనివారం అతను చదువుకున్న యూనివర్సిటీ టీమ్ ఈ సీజన్‌లో మొదటి మ్యాచ్ ఆడింది, అదీ ఊరుకాని ఊళ్లో. ఇంట్లో అందరూ టీవీ ముందు కూర్చున్నారు. పేరుకి ఫుట్‌బాలే గానీ, అమెరికావాళ్లు బంతిని చేత్తో విసిరి, ఒకళ్ల మీద ఒకళ్లు పడి ఆడే ఆట అది. "బంతి విసిరే ఆ పిల్లాడు ఎంత చలాకీగా ఉన్నాడమ్మా!" అంది శేషమ్మ. అంతే. ఆ పిల్లాడి చేతిలోంచి బంతి జారింది, అవతలివాళ్లు ఎత్తుకుపోయారు, మ్యాచ్ పోయింది. ఆ సాయంత్రమే రెండు నెలల మనవడికి ఒళ్లు కాలింది. ముందురోజు వేసిన టీకాకి జ్వరం మామూలేనని నర్సు ఫోన్‌లో చెప్పింది. చక్రధర్ చెవికెక్కలేదు.

"మీ అమ్మ కన్ను మంచిది కాదు. బాబు రూమ్‌లోకి రానివ్వకు," అన్నాడు నమ్రతతో, అత్తగారికి వినపడేలాగే. నమ్రత ఏడ్చింది. ఏడుస్తూనే తలుపేసింది.

అప్పట్నుంచి శేషమ్మ మనవడి ఏడుపు తలుపు ఇవతల నుంచే వింటోంది. నూనె రాసి స్నానం పోయడానికి సముద్రాలు దాటి వచ్చిన మనిషి! పైకి ఒక్క మాట అనలేదు. లోపల మాత్రం కుతకుత ఉడికిపోతోంది.

"మ్యాచ్‌కి నేనెందుకు బాబూ?"

"ఇది మా సొంత స్టేడియంలో ఫస్ట్ మ్యాచ్ అత్తయ్యా. ఓడిపోయి ఉన్నాం. పైగా వచ్చేది ఎవరనుకున్నారు? పోయినేడు మమ్మల్ని మా గ్రౌండ్‌లోనే చితక్కొట్టినవాళ్లు. వాళ్ల ఏడో నంబరుగాడు మా గ్రౌండ్ మధ్యలో వాళ్ల జెండా పాతాడు. వాణ్ణి అక్కడే పాతెయ్యాలి." చక్రధర్ గొంతు తగ్గించాడు. "మీరు వాణ్ణి కాస్త మెచ్చుకోవాలి. అంతే."

శేషమ్మ అల్లుడి మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు, నిజంగానే అడుగుతున్నాడు.

"గెలిస్తే నా మనవణ్ణి నా ఒళ్లో పెడతారా?"

"గెలిపించండి. ఆదివారం స్నానం మీరే పోద్దురుగాని."

ఆమె వెంటనే ఒప్పుకుంది.

శనివారం స్టేడియం అంతా చక్రధర్ టీమ్ ఎర్ర చొక్కాలే. బ్యాండు మోతకి చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆలస్యంగా కొన్న టికెట్లు కావడంతో సీట్లు పక్కపక్కన దొరకలేదు. చక్రధర్ ముందు వరసలో, శేషమ్మ సరిగ్గా అతని వెనక. ఆట మొదలవగానే జనమంతా లేచి నిలబడ్డారు, మళ్లీ కూర్చోలేదు. మోకాళ్ల నొప్పులతో శేషమ్మ మాత్రం కూర్చునే ఉంది.

"తెల్ల చొక్కాల్లో ఏడు అత్తయ్యా! మొదలెట్టండి!" అరిచాడు చక్రధర్, వెనక్కి తిరక్కుండానే.

"ఏం ఒడ్డూ పొడుగూ! ఏం భుజాలు!" అంది శేషమ్మ.

ఏడో నంబరు బంతిని బాణంలా విసిరాడు. తెల్ల చొక్కాలకి పాయింట్లు వచ్చాయి.

"ఇంకా! ఆపకండి!"

"ఎంత ఆరోగ్యం! రోగమంటే తెలియని ఒళ్లు. ఎంతసేపు నిలబడినా ఆ కాళ్లు తొణకవు కదా!"

ఆమె మాటల్లో మెప్పు ఉంది గానీ గొంతులో లేదు. పళ్ల మధ్య నుంచి ఒక్కో మాటా నమిలి వదులుతోంది. చక్రధర్‌కి అది తెగ నచ్చింది. తన పగని అత్తగారు కూడా పంచుకుందని పొంగిపోయాడు.

"గుండె గురించి కూడా చెప్పండత్తయ్యా! వాడికి టెన్షనే లేదు!"

"అవును, ఎంత గట్టి గుండె! రాయిలాంటి గుండె!"

మూడో క్వార్టర్‌లో ఇద్దరు ఎర్ర చొక్కాలవాళ్లు ఏడో నంబరు మీద పడ్డారు. వాళ్లు లేచారు, అతను లేవలేదు. స్టేడియం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఏమైంది బాబూ?" అడిగింది శేషమ్మ.

"ఏమైందా! మోకాలు పోయింది! బండి మీద తీసుకెళ్తున్నారు!" చక్రధర్ పిడికిలి గాల్లోకి విసిరాడు. అంతమందిలో నవ్వినవాడు అతనొక్కడే. "జెండా పాతుతావురా? పాతు ఇప్పుడు!"

ఎర్ర చొక్కాలు గెలిచాయి.

కారు ప్లేనో దారి పట్టింది. చక్రధర్ ఈల వేస్తూ డ్రైవ్ చేస్తున్నాడు.

"రేపు బాబుకి స్నానానికి నలుగుపిండి కలిపి ఉంచుతాను," అంది శేషమ్మ మెల్లగా.

చక్రధర్ ఈల ఆపాడు.

"అదీ... సారీ అత్తయ్యా. ఇన్నాళ్లూ నాకూ కొంచెం డౌట్ ఉండేది. ఇవాళ కళ్లారా చూశాను. ఇంత పవర్ ఉన్న కన్ను ముందు నా కొడుకుని ఎలా పెడతాను, మీరే చెప్పండి? వచ్చే వారానికి మీ టికెట్ ప్రీపోన్ చేయిస్తాను. ఏమీ అనుకోకండి."

 శేషమ్మ అల్లుడివైపు తిరిగింది. ఆమె మొహంలో కోపం లేదు. వారం తర్వాత మొదటిసారి నవ్వింది.

"ఎవరో తల్లి కన్న బిడ్డ, ఆ పిల్లాడివైపు నేను కన్నెత్తి కూడా చూళ్లేదు బాబూ, ఆట అయ్యేదాకా మిమ్మల్నే చూస్తూ కూర్చున్నాను."