పన్నెండో లంకె

"నేను రాను. ఆ పన్ను నోట్లోనే పుచ్చి రాలిపోనీ!" టైలరమ్మ కుట్టుమిషను చక్రాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

"రెండుసార్లు కుర్చీలో కూచున్నట్టే కూచుని, సూది కనబడగానే చెప్పులు కూడా వదిలేసి పారిపోయావు. రేపు కూడా ఎగ్గొడితే చీము దవడ ఎముకలోకి దిగుతుందన్నాడా లేదా డాక్టరు?" వదిన నడుం మీద చేతులేసుకుని గుమ్మంలో నిలబడింది. "పాతికేళ్ల నుంచి సూదులతోనే కాపురం చేస్తున్నావు. నీకు సూదంటే భయమా!"

"నా సూది గుడ్డలోకి దిగుతుంది వదినా. ఆయన సూది నాలోకి దిగుతుంది." టైలరమ్మ వాచిన బుగ్గను అరచేత్తో కప్పుకుంది.

"పోనీ, మన ప్రార్థన గొలుసులో పెట్టనా?"

టైలరమ్మ ఉలిక్కిపడింది. చర్చి ఆడవాళ్లు పన్నెండు మంది. ఒకరికి కష్టమొస్తే మొదటామె ప్రార్థన చేసి రెండో ఆమెకు ఫోను చేస్తుంది, ఆమె మూడో ఆమెకు. మొదటి లంకె వదిన, ఆఖరి లంకె తను. పంటికి భయపడి ఏడుస్తోందని తెలిస్తే పదకొండు మందీ పడీ పడీ నవ్వరూ!

"ఆ పని చేశావంటే నీ జాకెట్టు చేతులు రెండూ కలిపి కుట్టేస్తాను!"

"సరే తల్లీ, నువ్వే ప్రార్థన చేసుకో." వెళ్తూ వెళ్తూ వదిన, కుర్చీ మీదున్న నీలం శాలువాని తడిమింది. "అబ్బ, వెన్నలా ఉంది! ఎవరిదీ?"

"నాదే. నెల్లాళ్లు కూచుని అల్లుకున్నాను. నీ దిష్టి తగలనీకు."

వదిన వెళ్లాక టైలరమ్మ కళ్లు మూసుకుంది. "ప్రభువా, నా భయం..." అనేసరికి మూసిన కళ్లలోనే ఇంత పొడుగు సూది. మళ్లీ మూసింది. మళ్లీ సూదే.

సాయంత్రం ఫోను మోగింది. పదకొండో లంకె, టీచరమ్మ. ఒకటే ఏడుపు.

"అక్కా, గొలుసులో ప్రార్థన వచ్చింది. పేరడక్కు, చెప్పకూడదు కదా. ఎవరో సోదరి. రేపు పొద్దున్నే తలకి ఆపరేషనట. బతికితే బతికినట్టట. ముగ్గురూ పసిపిల్లలేనట అక్కా!"

"అయ్యో, నా తల్లే!" టైలరమ్మ గుండె నీరైపోయింది. గుడ్డ ముక్కలు పక్కకి నెట్టి, మిషను పక్కనే మోకాళ్ల మీద కూలబడింది.

"ప్రభువా, పొద్దుట్నుంచి ముష్టి పన్ను కోసం నీ చెవిలో జోరీగలా రొద పెడుతున్నాను. నన్నొదిలెయ్యి. ఆ బిడ్డ చెయ్యి పట్టుకో. ఆమె భయం తీసెయ్యి. ఆమె క్షేమంగా బయటపడితే నా నీలం శాలువా ఆమె భుజాల మీద కప్పుతాను."

అన్నాక నాలుక కరుచుకుంది గాని, దేవుడికిచ్చిన మాటాయె.

తెల్లవారి పంటి డాక్టరు ముందుజాగ్రత్తగా తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "ఏమ్మా, ఇవాళ చెప్పులు కాళ్లకే ఉన్నాయా?"

"వేళాకోళాలు తర్వాత బాబూ, తొందరగా కానివ్వండి. అవతల ఒకామెకి తల కోసే వేళైంది!" టైలరమ్మ నోరు తెరిచి కళ్లు మూసుకుంది. సూది దిగింది. ఆమె మాత్రం మనసులో ఆ ముగ్గురు పిల్లల్నీ ఒక్కొక్కరినే దేవుడి ఒళ్లో కూచోబెడుతోంది. మూడోవాడు ఇంకా సర్దుకోకుండానే డాక్టరు అన్నాడు.

"అయిపోయిందమ్మా."

"అప్పుడేనా?"

బయట బల్ల మీద వదిన కాచుకుని ఉంది. టైలరమ్మ దూది కుక్కిన నోటితోనే సంచీలోంచి శాలువా తీసింది. "వదినా, గొలుసు మొదలయ్యేది నీ దగ్గరేగా. ఆ సోదరి ఎలా ఉందో కనుక్కో. ఇది ఆమెకి అందజెయ్యాలి. దేవుడితో అన్నాను."

"ఏ సోదరికి?"

"అదే, తల ఆపరేషనావిడ. ముగ్గురు పిల్లల తల్లి."

వదినకి సంగతి అర్థమైంది. ఒకసారి తన జాకెట్టు చేతులవైపు దిగులుగా చూసుకుంది. తర్వాత శాలువా అందుకుని, మడతలు విప్పి, టైలరమ్మ భుజాల మీదే నిండుగా కప్పింది.

"ఇదిగో, అందజేశాను. నేను గొలుసులో పెట్టింది మాత్రం ఒక్క పన్నే. ఆ పిల్లలు ముగ్గురూ ఏ లంకె దగ్గర పుట్టారో నాకు తెలీదు!"