మూడు వందల నాలుగు ఖాళీ

అమలకు రావలసిన మిక్సీ మూడోసారి కూడా గేటు దగ్గర నుంచే వెనక్కి పోయింది.

"304 ఖాళీ అని గేటు యాప్‌లో చూపిస్తోంది మేడం" అన్నాడు కొరియర్ అబ్బాయి ఫోన్లో.

దిల్‌సుఖ్‌నగర్ కళ్లద్దాల షాపులో పనిచేసి, సొంత జీతంతో కొనుక్కున్న మొదటి వస్తువది. ఎనిమిది నెలలుగా తను బతుకుతున్న ఇల్లు ఖాళీ ఎలా అవుతుంది? అమలకు ఒళ్లు మండింది. గబగబా కిందికి దిగింది.

ఎల్‌బీ నగర్ రింగురోడ్డు వెనక ఉన్న ఆ అపార్ట్‌మెంటుకు మట్టయ్య వాచ్‌మన్. అసోసియేషన్ వాళ్లు రెండు నెలల కిందట గేటు దగ్గర ఒక టాబ్ పెట్టారు. ఎవరొచ్చినా దాన్లో ఫ్లాట్ల నంబర్లు, ఉండేవాళ్ల పేర్లు, ఫొటోలు చూసి నొక్కాలి. ఆ వివరాలు ఎక్కించే పని మట్టయ్యకు అప్పగించారు. ఆయనేమో చిరిగిపోయిన పాత రిజిస్టరునే పట్టుకు వేలాడుతున్నాడు.

"ఏంటి మట్టయ్యా, నేను నీ కంటికి మనిషిలా ఆనట్లేదా? నా ఇల్లు ఖాళీ అని ఎందుకు పెట్టావు?"

"నాకు గా మిషన్ నడ్పరాదమ్మా."

"రాకపోతే అడగాలి."

"గా మిషన్ల నీ పేరు, ఫొటో ఎందుకు బిడ్డా? ఒచ్చేటోళ్లు పొయ్యేటోళ్లు అందరు చూస్తరు. జర సోంచాయించు."

"నా పేరు, నా ఫొటో. ఎవరికి భయపడి దాక్కోవాలి నేను?"

అనడానికైతే అనేసింది గానీ, భయపడాల్సిన మనిషి ఒకడున్నాడు. మొగుడు ఉపేంద్ర. వాడు విరగ్గొట్టిన చేతికి కట్టుతోనే ఏలూరులో బస్సెక్కి ఎల్‌బీ నగర్‌లో దిగింది. ఫోన్ నంబరు మార్చుకుంది. ఇంత పెద్ద ఊళ్లో తననెవరు పట్టుకోగలరన్న ధైర్యంతో బతుకుతోంది.

ఆదివారం మీటింగులో అమల ఫిర్యాదు చేసింది.

"చదువు రానివాణ్ని గేట్లో కూర్చోబెడితే ఇంతేనండీ" అన్నాడు సెక్రటరీ భానుమూర్తి.

మట్టయ్య తలెత్తాడు.

"సార్, ఇంట్లున్నోళ్ల పేర్లు రోడ్డు మీదోనికి ఎందుకు చూపియ్యాలె? గేటు పెట్టుకున్నది ఆపనీకా, చూపియ్యనీకా?"

అందరూ నవ్వారు. భానుమూర్తికి మాత్రం కోపం వచ్చింది.

"చెప్పినట్టు చేస్తే చెయ్యి. లేదంటే రేపట్నుంచి రావద్దు."

"రాను సార్. గనీ గా పని నా చేత్తోని చెయ్య."

తీసేస్తున్నట్టు రాసిన కాగితం మీద అందరితో పాటు అమల కూడా సంతకం పెట్టింది. మట్టయ్య ఆమెతో ఏదో చెప్పబోయి, చుట్టూ ఉన్న జనాన్ని చూసి ఊరుకున్నాడు. కాసేపు గేటు దగ్గర కూర్చుని రిజిస్టరులో ఏదో గీసుకున్నాడు. దాన్ని కుర్చీలో పెట్టి, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

కొత్త గార్డు జైపాల్ చురుకైనవాడు. గంటలో అమల పేరు, ఫొటో టాబ్‌లోకి ఎక్కించేశాడు. మర్నాడే మిక్సీ వచ్చింది.

నాలుగో రోజు పొద్దున్నే జైపాల్ ఫోన్ చేశాడు.

"మేడం, ఉపేంద్ర అంట. టాబ్‌ల మీ ఫొటో చూసి, మా ఆవిడే అంటుండు. పైకి పంపాల్నా?"

"వద్దు" అని అమల ఫోన్ పెట్టేసింది. తలుపు గడియ పెట్టుకుంది. ఎన్నాళ్లు ఇలా? తనే మళ్లీ గడియ తీసింది. పోలీసులకు ఫోన్ చేసి, మెట్లు దిగింది.

"దొరికావే!" అన్నాడు ఉపేంద్ర గేటు అవతల నుంచి. "మనూరివాళ్లు నిన్ను మూడో అంతస్తు బాల్కనీలో చూశామన్నారు. పదకొండు సార్లు వచ్చాను. ఆ ముసలాడేమో అలాంటి మనిషే లేదు, ఆ ఇల్లు ఖాళీ అంటాడు. నమ్మకపోతే టాబ్‌లో కూడా చూపించాడు. డబ్బిస్తానన్నా కదల్లేదు!"

అమలకు వాడి మీద భయం కన్నా తను పెట్టిన సంతకానికి సిగ్గే ఎక్కువైంది.

"జైపాల్, గేటు తియ్యకు" అంది. "ఉపేంద్రా, నేను నీతో రాను. ఇక నీకు భయపడి పారిపోను కూడా. ఉండు, పోలీసులొస్తున్నారు."

వాళ్లు వచ్చారు, వాణ్ని తీసుకెళ్లారు. అప్పటికి అపార్ట్‌మెంటంతా గేటు దగ్గరే ఉంది.

"నా పేరు తీసేయండి. నాదే కాదు, అందరివీ" అంది అమల.

"అసోసియేషన్ తీర్మానమండీ, నేనొక్కణ్ని ఎలా..." అని నసిగాడు భానుమూర్తి.

"అయితే నేను తీస్తాను. వచ్చి ఆపండి."

వైరు పీకి, టాబ్ ఎత్తి ఆయన చేతిలో పెట్టింది. ఎవ్వరూ ఆపలేదు.

"మట్టయ్య నంబరివ్వండి."

"లేదండీ. ఫోన్ నంబరు, ఆధార్, ఫొటో ఎన్నిసార్లడిగినా ఇవ్వలేదు. ఏ ఊరో కూడా తెలియదు."

టాబ్‌కు ఎత్తు కోసం జైపాల్ కింద పెట్టుకున్న పాత రిజిస్టరు కనిపించింది. అమల తెరిచింది.

చదువు రాదనుకున్న మనిషి రాత గుండ్రంగా, పొందికగా ఉంది. పదకొండు చోట్ల తేదీ, టైము, ఉపేంద్ర తెచ్చిన బండి నంబరు. మొదటి దాని పక్కన, "బిడ్డకు చెప్పలే. ఇప్పుడిప్పుడే నవ్వుతున్నది" అని ఉంది.

ఆఖరి పేజీలో, ఆమె సంతకం పెట్టిన ఆదివారం తేదీ కింద, తన తర్వాత ఆ కుర్చీలో కూర్చోబోయేవాడికి మట్టయ్య రాసిపెట్టి వెళ్లాడు: "తమ్మీ, 304ల ఎవ్వరు ఉండరు. ఎవరడిగినా గిదే చెప్పు."