ముట్టని గిన్నె

మింటూ ఈసారి కూడా గిన్నె ముట్టుకోలేదు.

కొత్త సంచి కత్తిరించి, గింజలు గిన్నెలో పోసి, జయపాల్ గడప అవతల పెట్టాడు. మింటూ వచ్చింది. వాసన చూసింది. తోక ఊపింది. గిన్నె ముందు బుద్ధిగా కూర్చుని ఆయన మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. మూతి నుంచి చొంగ కారుతోంది. తినదు.

"తినవే తల్లీ" అన్నాడు జయపాల్. మళ్ళీ తోక ఊపింది. అంతే.

"ఇది కూడా నచ్చలేదేమోనండీ" అంది ఆయన భార్య ప్రేమమ్మ, లోపల కంచం ముందు కూర్చుని. ఆమె కలుపుకున్న ముద్ద కూడా కంచంలోనే ఉంది.

మింటూని ఆ ఇంటికి తెచ్చింది వాళ్ళ కూతురు జాస్మిన్. గుంటూరులో నర్సింగు చదివేది. ఇంట్లో కంచాలు పెట్టేటప్పుడే మింటూ గిన్నె కూడా పెట్టాలని ఆ పిల్ల రూలు. మొన్నటి సెలవుల్లో తల్లికి జ్వరమొస్తే, ఆమె బదులు మిరపకాయ కోతలకు వెళ్ళింది. కూలీల ఆటో కాలవలో తిరగబడింది. దెబ్బలతో అందరూ లేచారు, జాస్మిన్ తప్ప.

ఆసుపత్రి వరండాలో జయపాల్ మోకాళ్ళు వాచేదాకా ప్రార్థించాడు. ఆ తర్వాత నుంచి ఆయనకీ దేవుడికీ మాటల్లేవు. మొగుడి మొహం చూసి ప్రేమమ్మ కూడా నోరు మూసుకుంది.

అప్పుడే మింటూ తిండి మానేసింది.

"యజమాని పోయిందని మూగజీవానికి తెలిసిపోయింది" అంది ఊరంతా. ప్రేమమ్మకి మాత్రం ఆ మాట ఎక్కలేదు. "అమ్మాయి హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ మా చేతి కూడే తిన్నదిగా?" అనేది.

గుడ్డన్నం పెట్టారు. పెరుగన్నం పెట్టారు. వీధిలో పారేసింది ముట్టుకునే కుక్క కాదు, జాస్మిన్ పెంపకం. పశువుల డాక్టరు అటూ ఇటూ నొక్కి చూసి, "జబ్బేం లేదు. ప్యాకెట్ ఫుడ్ పెట్టి చూడండి" అన్నాడు.

ఇక సత్తెనపల్లిలో వీరాంజనేయులు కొట్టే దిక్కయింది. కోళ్ళ దాణా అమ్మే ఆయన ఈమధ్య కుక్కల తిండి కూడా పెట్టాడు. ఇంట్లో కుక్క లేదు గానీ, కుక్కల గురించి ఆయనకి తెలియనిది లేదు.

"నీలం సంచి తినలేదా? అది ఉత్త పిండి. ఎర్రది పట్టుకెళ్ళు. కోడిమాంసం రుచి. నాకే తినాలనిపిస్తుంది" అన్నాడు. "కానీ జయపాలూ, ఒక్కసారిగా మార్చకూడదు. పాతదాంట్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతా మార్చాలి. లేకపోతే కడుపు చెడుద్ది."

"అసలు పాతదే తినట్లేదండీ. దేంట్లో కలపను?"

వీరాంజనేయులు ఎర్ర సంచి కిందకి దించి దుమ్ము దులిపాడు.

ఆదివారం సాయంత్రం జయపాల్ ఎర్ర సంచి విప్పి గిన్నెలో పోస్తుంటే పాస్టరు ఇమ్మానుయేలు గారు వచ్చారు. జయపాల్ గిన్నె అక్కడే వదిలేసి పెరట్లోకి నడిచాడు. అయ్యగారు ప్రేమమ్మని కాసేపు ఓదార్చి, ప్రార్థన చేసి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

"ఏవండీ! ఇటు రండి!"

జయపాల్ పరిగెత్తుకొచ్చాడు. గిన్నె ఖాళీ. అడుగుదాకా నాకేసి ఉంది.

కూతురు పోయాక ప్రేమమ్మ నవ్వడం అదే మొదలు. జయపాల్ ఆ పూటే బండేసుకుని వెళ్ళి ఎర్ర సంచుల్లోకెల్లా పెద్దది మోసుకొచ్చాడు. "నేను చెప్పలా!" అన్నాడు వీరాంజనేయులు.

తెల్లారి మింటూ గిన్నె ముందు కూర్చుని, జయపాల్ మొహంలోకి చూసింది. తినలేదు. ఆ మర్నాడూ అంతే.

"ఒక్క పూటకే మొహం మొత్తిందా దీనికి?"

బంగారు రంగు సంచి తెచ్చాడు. చేప రుచిది తెచ్చాడు. గ్రేవీ ప్యాకెట్లు తెచ్చాడు. గోరువెచ్చని నీళ్ళు పోసి నానబెట్టాడు. ప్రేమమ్మ ముద్ద చేసి నోటికందిస్తే, పాపం చేస్తున్నట్టు మొహం పక్కకి తిప్పుకునేది. సెలైన్లు పెట్టించారు. పక్కటెముకలు తేలాయి.

అయ్యగారు మళ్ళీ వస్తానని కబురు పెట్టారు. "రావద్దని చెప్పు" అన్నాడు జయపాల్.

"నా బిడ్డ నా బదులు పోయింది. అది పెంచుకున్నదాన్నన్నా బతికించుకోలేనా నేను?" అని ప్రేమమ్మ ఆ కుక్కని ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"గుంటూరులో ఇంకో కంపెనీది దొరుకుద్దంట. తెస్తా ఉండు."

తెచ్చాడు. కానీ ఆయన బండి దిగేసరికి మింటూ నిండు గిన్నె పక్కనే, దానికి తల ఆనించి, చల్లబడిపోయి ఉంది. పత్తిచేను గట్టున గొయ్యి తీశారు. సంచి మాత్రం విప్పకుండా మిగిలిపోయింది.

పరీక్షలయ్యాక జాస్మిన్ హాస్టల్ స్నేహితురాలు క్రిస్టీనా చూడ్డానికొచ్చింది. ప్రేమమ్మని పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. గోడ వారన సంచులు చూసి, "మింటూ ఏదాంటీ?" అంది.

జయపాలే చెప్పాడు. ఏ సంచి ఎప్పుడు తెచ్చిందీ, ఎర్రది ఒక్క పూట ఎలా తిన్నదీ, ఆ రోజు పాస్టరు గారొస్తే తను పెరట్లోకి ఎలా తప్పుకున్నదీ, అన్నీ. వింటూ వింటూ ఆ పిల్ల ఏడుపు ఆపేసింది.

"అంకుల్, మీరిప్పుడు అన్నం ముందు ప్రార్థన చేసుకోవట్లేదా?"

"ఎవరికి చెయ్యాలమ్మా?" అన్నాడు జయపాల్.

క్రిస్టీనా ఆయన మొహంలోకి చూడలేక తల వంచుకుంది.

"ఎవరో ఒకరు 'ఆమేన్' అనేదాకా గిన్నెలో మూతి పెట్టకూడదని జాస్మిన్ దానికి పిల్లప్పుడే నేర్పింది అంకుల్."