ఎక్కడో విన్న రాగం

“దొంగ సరుకు!” అన్నాడు కురమోచి, పాట ఇంకా పూర్తిగా ఆగకముందే.

టోక్యోలో టీవీ ప్రత్యక్ష ప్రసారం అది. నక్క ముసుగులు వేసుకున్న నలుగురూ వాయిద్యాలు పట్టుకుని వేదిక మీద అలాగే నిలబడిపోయారు. ముఖం చూపించకుండా పాడటం ఈ మధ్య అక్కడి కుర్రకారుకి పట్టుకున్న మోజు. ‘ఎర్ర టెలిఫోన్’ అనే ఆ రాక్ బ్యాండ్‌కి ఇదే మొట్టమొదటి పాట. రేపు పొద్దున విడుదల. పాటల విమర్శకుడు కురమోచి ఛీ అన్నాడంటే మాత్రం రికార్డు కంపెనీ వెనక్కి తగ్గుతుంది.

ఛీ అనడమంటే ఆయనకి మహా ఇష్టం.

“ఏమిటా శాక్సోఫోన్? ఏమిటా తళుకుల గౌను, భుజాల మీద ఆ దిండ్లు? ఆ పాత షోవా చక్రవర్తి కాలాన్ని చెత్తబుట్టలోంచి ఏరుకొచ్చి, దులిపి అమ్ముతున్నారా? నలభై ఏళ్ళ కిందట ఈ పాటలు మోగుతున్నప్పుడు మీరింకా పుట్టనే లేదు. పబ్లిక్ ఫోన్లో ఆఖరి నాణెం వేసి మాట్లాడటమంటే ఏమిటో తెలుసా మీకు?”

గిటార్ వాయించే హయాసె నడుము వంచాడు. “ఆ పాటలంటే మాకు ప్రాణం సార్. అందుకే ఆ బాణీలో కొత్తగా కట్టుకున్నాం.”

“కొత్తగానా? ఈ రాగం నేను విన్నాను బాబూ! చరణం చివర ఆ విరుపుతో సహా విన్నాను. ఎవరి పాటో చప్పున తట్టడం లేదు గానీ, విన్నాను.”

దొంగపాట అన్న మాట ఒకసారి పడితే ఇక ఆ బ్యాండ్ పని అయిపోయినట్టే. వేదిక పక్కన కంపెనీ మనిషి అప్పుడే ఫోన్ బయటికి తీశాడు.

“పొరపాటు పడ్డారేమో సార్,” అన్నాడు హయాసె. “ఈ పాట ఇవాళ్టిదాకా బయట ఎవరూ వినలేదు.”

“పొరపాటా? నా చెవా?”

యాంకర్ నత్సుమె మాట మార్చాలని చూసింది. “పోనీ, ఇంట్లో మేడమ్‌గారికి నచ్చుతుందేమో కదండీ, ఇలాంటి పాట?”

“మా ఆవిడకా?” కురమోచి పకపకా నవ్వాడు. “అన్నం కుక్కర్ మోగినా పాటే అనుకునే రకం. సాయంత్రమైతే అల్లికల క్లాసుకి పోతుంది. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో నేను మాట్లాడతాను, ఆవిడ వింటుంది. సంగీతం గొడవ ఆవిడకెందుకు?”

జనం నవ్వారు. దాంతో ఆయనకి ఇంకా ఊపొచ్చింది. పాట అయిన దగ్గర్నుంచీ నోరు విప్పని గాయని మీద పడ్డాడు.

“ఏమమ్మాయ్, నిన్నే! గొంతు బానే ఉంది, సిగ్గే లేదు. ఎక్కడ కొట్టుకొచ్చావో నువ్వు చెప్పవు. కనీసం నేనెక్కడ విన్నానో అదన్నా చెప్పు!”

హయాసె అడ్డు రాబోయాడు. ఆమె వద్దన్నట్టు చెయ్యి ఊపి, మైకు దగ్గరికి నడిచింది. తల వెనక ముసుగు తాడు ముడి విప్పుకుంది.

“మన వంటింట్లోనండీ, ఆర్నెల్లుగా రోజూ పొద్దున్నే బియ్యం కడుగుతూ నేను కట్టుకున్న రాగమే అది,” అంది కురమోచి భార్య.